నెల రోజుల అల్లిక ఛాలెంజ్: ముందు వేసే లెక్క నుంచి ఉతికి మడతపెట్టేదాకా

నెలలో ఒక మఫ్లర్, వారానికో చదరం, ఏడాదికో దుప్పటి. ఇలాంటి ఛాలెంజ్‌లు ఉత్సాహంగా మొదలవుతాయి. మూడో వారానికి ఊలు సంచి బీరువా పైకి చేరుతుంది. బెంగళూరులో మన తెలుగువాళ్లు నలుగురు కలిసినచోట అల్లిక మాట వస్తే, నన్ను ఎక్కువగా అడిగేది ఈ విషయమే: "అక్కా, మొదలైతే పెడుతున్నాం, పూర్తి ఎలా చేయాలి?"

చాలామంది తమకు ఓపిక తక్కువ అనుకుంటారు. నేను చూసినంతలో లోటు ఓపికలో లేదు, లెక్కలో ఉంది. ఎన్ని కుట్లు పడతాయో, మన చేతికి ఎన్ని గంటలు పడుతుందో చూసుకోకుండా క్యాలెండర్ చూసి గడువు పెట్టేస్తాం. ఆ లెక్క ముందే వేసుకుంటే ఛాలెంజ్‌లో టెన్షన్ పోయి సరదా మిగులుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో అల్లడం కంటే ముందు చేయాల్సిన పనులకే ఎక్కువ చోటిచ్చాను. సూదుల మీద కుట్లు ఎక్కించడం, నిట్, పర్ల్, కుట్లు మూయడం, ఈ నాలుగూ వచ్చినవాళ్లకు ఇది సరిపోతుంది.

1. ముందు ఛాలెంజ్‌ను ఎంచుకోండి, డిజైన్‌ను తర్వాత

డిజైన్ ఫోటో నచ్చి మొదలుపెట్టినవి ఎక్కువగా మధ్యలో ఆగిపోతాయి. ముందు మీ రోజు ఎలా గడుస్తుందో చూసుకోండి.

- రోజూ గంట ఖాళీ దొరికేవాళ్లకు: నెల రోజుల్లో ఒక వస్తువు. మఫ్లర్, టోపీ, పసిపిల్లల స్వెటర్ లాంటివి.
- వారాంతం మాత్రమే దొరికేవాళ్లకు: వారానికో చదరం. చివర్లో అన్నీ కలిపి కుట్టుకోవచ్చు.
- వారంలో అరగంట మించి దొరకనివాళ్లకు: ఏడాది మఫ్లర్. దాని వివరం 8వ భాగంలో ఉంది.
- ఇంట్లో ఊలు పేరుకుపోయినవాళ్లకు: కొత్తది కొనకుండా ఉన్నదాంతోనే చేయడం.
- సగంలో ఆగినవి మూడు నాలుగు ఉన్నవాళ్లకు: వాటిలో ఒకటి పూర్తి చేయడమే ఛాలెంజ్. నన్నడిగితే అన్నిటికంటే తృప్తినిచ్చేది ఇదే.

ఎవరికోసమో కూడా ఇప్పుడే తేల్చుకోండి. డిసెంబరు, జనవరి చలికి బెంగళూరులో ఊలు మఫ్లర్ హాయిగా ఉంటుంది. అదే మఫ్లర్‌ను విజయవాడలో ఉన్న అత్తయ్యకు ఇస్తే బీరువాలోనే ఉంటుంది. అక్కడివాళ్లకు కాటన్ దారంతో పల్చటి స్టోల్ అల్లండి.

2. శాంపిల్ ముక్క అల్లి, గడియారం పెట్టండి

అందరూ దాటేసే మెట్టు ఇది. దీన్ని దాటేస్తే మిగతావన్నీ ఊహలే.

నూరు గ్రాముల ఉండలో వచ్చే మధ్యరకం మందం ఊలు, 5 మి.మీ. సూదులు తీసుకోండి. 26 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ నిట్ చేస్తూ 50 వరుసలు అల్లండి. దీన్నే గార్టర్ అంటారు. దాదాపు 15 సెంటీమీటర్ల చదరం వస్తుంది. మధ్యలో ఏవైనా 10 వరుసలకు ఫోన్‌లో టైమర్ పెట్టండి. పది వరుసలంటే 260 కుట్లు. దానికి 17 నిమిషాలు పడితే మీ వేగం నిమిషానికి సుమారు 15 కుట్లు.

ఆ ముక్కను ఉతికి, ఆరబెట్టి, అప్పుడే కొలవండి. ఉతకకముందు కొలత, ఉతికాక కొలత ఒకటిగా ఉండవు. స్కేలును అంచు దగ్గర కాకుండా ముక్క మధ్యలో పెట్టి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కపెట్టండి. గార్టర్‌లో ఒక్కో గట్టు, అంటే అడ్డంగా ఉబ్బెత్తుగా కనిపించే గీత, రెండు వరుసలకు సమానం, కాబట్టి గట్లు లెక్కపెట్టి రెండుతో గుణిస్తే చాలు.

ఇప్పుడు అసలు లెక్క. 10 సెంటీమీటర్లకు 17 కుట్లు, 34 వరుసలు వచ్చాయనుకుందాం. మనకు కావలసింది 20 సెం.మీ. వెడల్పు, 150 సెం.మీ. పొడవున్న మఫ్లర్.

- వెడల్పు: 34 కుట్లు
- పొడవు: 510 వరుసలు
- మొత్తం: 17,340 కుట్లు
- నిమిషానికి 15 చొప్పున: 1,156 నిమిషాలు, అంటే 19 గంటల పైచిలుకు
- విప్పడాలు, సరిదిద్దడాలు, దారం చిక్కుకోవడాలకు ఇంకో పాతిక శాతం: మొత్తం 24 గంటలు

రోజుకో గంట చొప్పున 24 రోజులు. నెలలో ఆరు రోజులు చేతిలో మిగులుతాయి. రోజుకు 22 వరుసలు, అంటే 11 గట్లు పడితే చాలు.

అదే మఫ్లర్‌ను సన్న ఊలుతో, 4 మి.మీ. సూదులతో అల్లితే? అందులో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 40 వరుసలు వస్తాయనుకుంటే 26,400 కుట్లవుతాయి. పాతిక శాతం కలిపితే 36 గంటలు దాటుతుంది. రోజుకో గంటతో నెలలో పూర్తికాదు. కొలతలు మారలేదు, చేయి మారలేదు, ఊలు మందం ఒక్కటే మారింది.

లెక్క గడువును దాటితే చేయగలిగినవి మూడు: మందం ఊలు తీసుకోవడం, వెడల్పు తగ్గించడం, గడువు పెంచడం. "రేపటినుంచి వేగంగా అల్లుతా" అన్నది మాత్రం ఆ జాబితాలో లేదు.

3. ఊలు, సూదులు కొనడం

ఎంత ఊలు కావాలో కూడా శాంపిల్ ముక్కే చెబుతుంది. వంటింట్లోని డిజిటల్ త్రాసు మీద దాన్ని తూచండి. 15 సెం.మీ. చదరమంటే 225 చదరపు సెంటీమీటర్లు. బరువు 12 గ్రాములు వచ్చిందనుకోండి. మఫ్లర్ విస్తీర్ణం 3,000 చదరపు సెంటీమీటర్లు కాబట్టి 160 గ్రాములు కావాలి. పదిహేను శాతం అదనంగా వేసుకుంటే 184 గ్రాములు, అంటే రెండు ఉండలు.

చిక్‌పేట, కమర్షియల్ స్ట్రీట్, జయనగర్ నాలుగో బ్లాక్ ప్రాంతాల్లోని కుట్టు సామాను దుకాణాల్లో వెతకండి. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి, కానీ మొదటిసారి చేత్తో పట్టుకుని చూసి కొనడమే మంచిది. మెడ దగ్గర పెట్టుకుని చూడండి. అక్కడ గుచ్చుకున్న ఊలు ఉతికినా గుచ్చుకుంటుంది.

దుకాణంలో చూసుకోవలసినవి:

- లేబుల్ మీద షేడ్ నంబర్‌తో పాటు లాట్ నంబర్ (ఒకే విడతలో రంగు వేసిన ఊలుకు ఇచ్చే నంబర్) కూడా అన్ని ఉండల మీదా ఒకటేనా? షేడ్ ఒకటైనా లాట్ వేరైతే మఫ్లర్ మధ్యలో రంగు తేడా గీతలా కనిపిస్తుంది.
- శాంపిల్‌కూ, అసలు పనికీ కలిపి మూడు ఉండలు ఒకేసారి కొంటున్నారా? విప్పని ఉండను మార్చి ఇస్తారేమో అడగండి.
- ఆక్రిలిక్, ఊలు, కాటన్, వీటిలో ఏది? ఉతికే పద్ధతి దాన్నిబట్టే మారుతుంది.
- సూదుల మీద మి.మీ. కొలత ఉందా?

ఆఖరిది ముఖ్యం. పాత బ్రిటిష్ నంబర్ల ప్రకారం 8వ నంబర్ సూది 4 మి.మీ., అమెరికా నంబర్ల ప్రకారం 8 అంటే 5 మి.మీ. పైగా బ్రిటిష్ వరుసలో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా వరుసలో లావవుతుంది. మన దగ్గర రెండు రకాల నంబర్లూ కనిపిస్తాయి. నంబర్‌ను పట్టించుకోకుండా మిల్లీమీటర్లే అడగండి.

కొత్తవాళ్లకు వెదురు సూదులు మేలు. లోహపు సూదుల మీద కుట్లు త్వరగా జారిపోతాయి.

4. తేదీలు ఖాయం చేయడం

మన పండగలు చూసుకుని గడువు పెట్టుకోండి. దీపావళి వారంలో ఎవరికీ చేయి ఖాళీ ఉండదు. సంక్రాంతికి సగం మంది ఊళ్లకు వెళ్తారు. డిసెంబరు 1న మొదలుపెట్టి 30న ముగిస్తే, ఉతికి ఆరబెట్టుకుని సంక్రాంతికి ఊరు తీసుకెళ్లడానికి తీరికగా రెండు వారాలు ఉంటుంది.

నలుగురైదుగురు కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. అపార్ట్‌మెంట్‌లోవాళ్లైనా, ఆఫీసులోవాళ్లైనా, కొన్ని మాటలు ముందే అనుకోవాలి. ఆదివారం సాయంత్రం అందరూ ఎంతవరకు వచ్చిందో చూపించుకోవాలి. ఎవరు ముందున్నారన్న పోలిక పెట్టుకోకూడదు. సగం గడువు రోజున ఎవరైనా వెనకబడితే వెడల్పు కాదు, పొడవు తగ్గించుకోవడానికి వీలుండాలి.

అందరూ కలిసి ఒకే దుప్పటి అల్లేటట్లయితే చదరాల కొలత సెంటీమీటర్ తేడా లేకుండా ఒకటే ఉండాలి. 2016 జనవరిలో చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం 11,148.5 చదరపు మీటర్ల క్రోషియా దుప్పటితో గిన్నిస్ రికార్డు సాధించింది. అంత పెద్దదైనా విడివిడిగా అల్లిన దుప్పట్లను కలిపి చేసిందే. ఎవరి చేయి వదులో, ఎవరిది బిగుతో ముందే తెలియాలంటే అందరూ శాంపిల్ ముక్కలు తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. కుట్లు అందరికీ ఒకే లెక్కలో ఉండాలని లేదు, కొలత ఉంటే చాలు.

5. మొదటి పది వరుసలు

కుట్లు ఎక్కించాక రెండుసార్లు లెక్కపెట్టండి. తొలి వరుస మెలిపడినట్టు, గజిబిజిగా కనిపిస్తుంది. మూడు నాలుగు వరుసల తర్వాత దానంతటదే సర్దుకుంటుంది, కంగారుపడి విప్పకండి.

మొదటి పది వరుసల్లో ప్రతి వరుస చివరా కుట్లు లెక్కపెట్టండి. 34 ఉండాలి. ఇక్కడే 35, 36 అవడం మొదలవుతుంది. ఎందుకవుతుందో 7వ భాగంలో చెప్పాను. పదో వరుస దగ్గర ముందువైపు అంచుకు ఒక సేఫ్టీ పిన్ను పెట్టండి. ఎదురువైపు ఏదో, వెనకవైపు ఏదో గార్టర్‌లో గుర్తుపట్టడం కష్టం.

6. రోజువారీ పద్ధతి

రోజూ ఒకే సమయం, ఒకే చోటు. వెలుతురు ఎడమ భుజం వెనకనుంచో, పైనుంచో పడేలా కూర్చోండి. ముదురు నీలం, నలుపు రంగులు రాత్రిపూట అల్లకండి, కుట్లు కనపడవు.

వరుస మధ్యలో ఎప్పుడూ ఆపకండి. తలుపు బెల్ మోగినా ఆ వరుస పూర్తిచేసే లేవండి. ఆపిన ప్రతిసారీ ఎన్ని గట్లయ్యాయో చిన్న పుస్తకంలో రాసుకోండి.

ఆఫీసు క్యాబ్‌లో ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో అల్లుతామనేవాళ్లు చాలామంది. సాదా గార్టర్ అయితే పర్వాలేదు. కుట్లు తగ్గించడం, పెంచడం, రంగు మార్చడం ఉన్న వరుసలను ఇంటికే ఉంచుకోండి.

ఇరవై ముప్పై నిమిషాలకోసారి సూదులు పక్కనపెట్టి, మణికట్లు తిప్పి, వేళ్లు చాచండి. తిమ్మిరిగానీ నొప్పిగానీ వస్తే ఆరోజుకు ఆపేయండి. చేతిలో ఆరు రోజులు మిగుల్చుకున్నది ఇందుకే. నొప్పి తగ్గకుండా ఉంటే డాక్టర్‌కు చూపించాలి.

ప్రతి 60 వరుసలకోసారి రక్షణ దారం వేయండి. వేరే రంగు సన్న కాటన్ దారాన్ని మొద్దు సూదికి ఎక్కించి, అల్లిక సూది మీదున్న కుట్లన్నిటి గుండా దూర్చి వదిలేయడమే. తర్వాత ఎంత పెద్ద పొరపాటు జరిగినా ఆ దారం వరకే విప్పుకోవాల్సి వస్తుంది.

7. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే పద్ధతి

*కుట్లు వాటంతటవే పెరగడం.* కొత్తవాళ్ల మఫ్లర్ పైకి వెళ్లేకొద్దీ వెడల్పవడానికి కారణం దాదాపు ప్రతిసారీ వరుసలో మొదటి కుట్టే. పని తిప్పాక దారాన్ని సూది పైనుంచి వెనక్కి లాగితే మొదటి కుట్టు కింద ఉన్న రెండు కాళ్లూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తాయి. రెంటినీ విడివిడిగా అల్లేస్తాం, 34 కాస్తా 35 అవుతుంది. పని తిప్పగానే దారాన్ని ఒకసారి ముందువైపు కిందికి లాగి చూడండి. రెండుగా కనిపించింది ఒక్కటవుతుంది. అప్పుడు దారాన్ని సూది కిందినుంచి వెనక్కి తీసుకెళ్లి అల్లండి.

అప్పటికే ఒకటి ఎక్కువైతే, తర్వాతి వరుసలో అదే అంచున రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లండి. నాలుగైదు ఎక్కువైతే రక్షణ దారం దాకా విప్పడమే శుభ్రమైన పని.

*కుట్టు జారిపోవడం.* జారిన కుట్టు కిందికి దిగుతూ పైన నిచ్చెన మెట్లలాంటి అడ్డ దారాలు వదులుతుంది. ముందు ఆ కుట్టుకు సేఫ్టీ పిన్ను పెట్టి ఆపండి. తర్వాత క్రోషియా సూది తీసుకుని ఒక్కో మెట్టూ ఎక్కించండి. ఎదురుగా ఆ అడ్డ దారం కుట్టు వెనక ఉంటే సూదిని ముందునుంచి దూర్చి దారాన్ని ముందుకు లాగాలి. గార్టర్‌లో తర్వాతి మెట్టుకు పనిని అటువైపు తిప్పి అలాగే చేయాలి. ఇలా ఒకటి ఇటు, ఒకటి అటు. తిప్పడం మర్చిపోతే ఆ ఒక్క వరుసా నున్నగా, గట్టు లేకుండా కనిపిస్తుంది. చివరి మెట్టయ్యాక కుట్టును మెలిపడకుండా ఎడమ సూది మీద పెట్టండి.

*ఒక ఉండ అయిపోయి ఇంకోటి కలపడం.* మధ్యలో ముడి వేయకండి. ముడి ఎప్పటికైనా ఎదురువైపుకు వస్తుంది. అంచు దగ్గర కొత్త దారం మొదలుపెట్టి, రెండు కొసలూ 15 సెంటీమీటర్లు వదలండి. ఆ కొసలను అదే వారం లోపలికి కుట్టేయండి. అన్నీ చివరికి దాచుకుంటే ఆ పని ఎవరూ చేయరు.

*చేయి ఒకరోజు బిగుతు, ఒకరోజు వదులు.* కోపంగా, ఆదరాబాదరాగా ఉన్నరోజు అల్లిక బిగుసుకుంటుంది. రోజూ కూర్చోగానే శాంపిల్ ముక్క మీదో, పాత ఊలుతోనో రెండు వరుసలు అల్లి అప్పుడు అసలు పని పట్టుకోండి.

*కొలత రాకపోవడం.* 10 సెంటీమీటర్లకు 17 రావలసినచోట 19 కుట్లు వస్తున్నాయంటే చేయి బిగుతు. 5.5 మి.మీ. సూదికి మారండి. 15 వస్తే 4.5కు దిగండి. చేతిని బలవంతంగా మార్చుకోవడం కంటే సూదిని మార్చడం సులువు.

*ముదురు రంగు దిగడం.* ఎరుపు, మెరూన్ కాటన్ దారాలను తెలుపుతో కలిపే ముందు, తడి తెల్లగుడ్డలో గంటసేపు చుట్టి చూడండి. గుడ్డకు రంగంటితే ఆ జోడీ వద్దు.

8. తీరిక లేనివాళ్లకు ఏడాది ఛాలెంజ్: బెంగళూరు ఎండల మఫ్లర్

రోజూ ఉష్ణోగ్రతను బట్టి ఒక్కో రంగుతో అల్లే దుప్పట్ల గురించి వినే ఉంటారు. చలిదేశాల కోసం రాసిన పట్టికను ఇక్కడ వాడితే ఏడాదంతా రెండు మూడు రంగులే వస్తాయి. బెంగళూరులో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత జనవరిలో 27, 28 డిగ్రీల దగ్గర, ఏప్రిల్‌లో 34 దగ్గర తిరుగుతుంది. అందుకే అయిదు డిగ్రీలకో రంగు కాకుండా రెండు డిగ్రీలకో రంగు పెట్టుకోండి.

- 26 లోపు
- 26 నుంచి 27.9
- 28 నుంచి 29.9
- 30 నుంచి 31.9
- 32 నుంచి 33.9
- 34 నుంచి 35.9
- 36, ఆపైన

రోజుకో వరుస పెద్ద భారం. వారానికి ఒకసారి చాలు. వాతావరణ శాఖ ఇచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రతలు ఏడు రోజులవీ కూడి సగటు తీసి, ఆ రంగుతో 10 వరుసలు అల్లండి. 52 వారాలకు 520 వరుసలు, అంటే దాదాపు 153 సెంటీమీటర్ల మఫ్లర్. వారానికి 340 కుట్లే, అరగంట కూడా పట్టదు.

పది సరిసంఖ్య కాబట్టి రంగు మార్పు ఎప్పుడూ ఒకే అంచున పడుతుంది. ఒక వారానికి సుమారు 3 గ్రాముల ఊలు సరిపోతుంది, 50 గ్రాముల ఉండ 15 వారాలు వస్తుంది. మధ్య రంగులు ఎక్కువ వారాలు పడతాయి కాబట్టి అవి రెండేసి కొనండి.

రెండు మూడు వారాలు తప్పిపోయినా ఏమీ కాదు. అంకెలు రాసి ఉంచుకుంటే ఒక ఆదివారం కూర్చుని అందుకోవచ్చు.

9. క్రోషియా, ఎంబ్రాయిడరీ చేసేవాళ్లకు

శాంపిల్, గడియారం, తూకం, ఈ మూడూ అన్నిటికీ వర్తిస్తాయి. తేడాలు మాత్రం చెప్పాలి.

క్రోషియాలో అదే కొలతకు నిట్టింగ్ కంటే సాధారణంగా ఎక్కువ ఊలు పడుతుంది, కాబట్టి తూచకుండా కొనకండి. డిజైన్ అమెరికా పద్ధతిలో ఉందో బ్రిటిష్ పద్ధతిలో ఉందో ముందు చూడండి. అమెరికావాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటిష్‌వాళ్లు డబుల్ క్రోషే అంటారు. వాళ్ల డబుల్ వీళ్లకు ట్రెబుల్. డిజైన్‌లో సింగిల్ క్రోషే అన్న మాట ఎక్కడైనా ఉంటే అది అమెరికా పద్ధతి.

క్రాస్ స్టిచ్‌లో లెక్క ఇంకా తేలిక. 14 కౌంట్ ఐడా గుడ్డలో అంగుళానికి 14 గళ్లు ఉంటాయి. 100 గళ్ల వెడల్పు, 100 గళ్ల ఎత్తు ఉన్న బొమ్మ దాదాపు 18 సెంటీమీటర్లు వస్తుంది. గళ్లన్నీ నిండితే 10,000 కుట్లు. ఫ్రేమ్ కట్టించాలంటే నాలుగువైపులా 7, 8 సెంటీమీటర్లు వదిలి గుడ్డ కత్తిరించండి. మొదటి కుట్టు గుడ్డ మధ్యనుంచి మొదలవ్వాలి.

10. కుట్లు మూయడం, ఉతకడం

కుట్లు మూసేటప్పుడు చేయి తెలియకుండానే బిగుసుకుంటుంది. మఫ్లర్ చివర ముడుచుకుపోతుంది. కుడిచేతిలోకి ఒక సైజు పెద్ద సూది తీసుకుని మూయండి. చివరి వరుస మొదలుపెట్టేముందు, మిగిలిన దారం మఫ్లర్ వెడల్పుకు కనీసం నాలుగింతలు ఉందో లేదో చూసుకోండి.

ఆ తర్వాత దారాన్ని బట్టి:

- ఊలు: గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. పిండొద్దు, రుద్దొద్దు. తువ్వాలులో చుట్టి అదమండి.
- కాటన్: మామూలుగా చేత్తో ఉతికి, తడిగా ఉండగానే కొలతకు సర్దండి.
- ఆక్రిలిక్: చల్లటి నీళ్లు చాలు. ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి. వేడి తగిలితే అల్లిక చచ్చుబడి సాగిపోతుంది, మళ్లీ పాతరూపు రాదు.

ఏదైనా సరే, బాల్కనీ తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగుతుంది. నేల మీద పాత దుప్పటి పరిచి, మఫ్లర్‌ను 20 సెంటీమీటర్ల వెడల్పుకు సర్ది, ఫ్యాన్ కింద ఆరనివ్వండి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఇక్కడ ఆరడానికి రెండు రోజులు కూడా పట్టొచ్చు. లోపలి తేమ పూర్తిగా పోయాకే మడతపెట్టాలి, లేకపోతే ముక్కవాసన వస్తుంది.

ఇంకొకరికి ఇస్తున్నట్లయితే ఊలు లేబుల్ ఒకటి, మిగిలిన దారం నాలుగైదు మీటర్లు కలిపి ఇవ్వండి. లేబుల్ చూసి ఎలా ఉతకాలో తెలుసుకుంటారు, ఎక్కడైనా కుట్టు తెగితే అదే దారంతో సరిచేసుకుంటారు.